మురికి జాబితా

సంతాప సభలో ఉన్నవి: ప్లాస్టిక్ కుర్చీలు అరవై. మనుషులు పంతొమ్మిది మంది, వాళ్లలో నలుగురు హాలులో పనిచేసేవాళ్లే. కూలర్లు రెండు, తిరుగుతున్నది ఒకటి. బంతిపూల దండ వేసిన ఫొటో. ఆయన వెంట ఊరూరా తిరిగిన నల్ల పెట్టె, మూత మీద ఒక గులాబీ. ఆయన జీవిత విశేషాలు అచ్చువేసిన కరపత్రాలు ఒక కట్ట. చాయ్ ఫ్లాస్కు. గోడకు ఫ్లెక్సీ, దాని మీద ఒక పాత బట్ట పటం ఫొటోలు రెండు పక్కపక్కనే, ఎడమవైపుది 'ముందు', కుడివైపుది 'తర్వాత'. ఆ పటం గలవాళ్లు ఎవరూ రాలేదు. ఆయన దగ్గర పదకొండు నెలలు పనిచేసినవాణ్ని కాబట్టి నేను వచ్చాను.

కామారెడ్డి స్టేషన్ దగ్గర ఒక ఫంక్షన్ హాలు పై అంతస్తులో జరిగింది సభ. మన సంస్కృతిని సైన్సుతో కాపాడిన మహానుభావుడని ముగ్గురు వరుసగా చెప్పారు. ముగ్గురిలో ఒక్కరూ ఏ వస్తువును, ఏ పద్ధతితో, దేని నుంచి కాపాడాడో చెప్పలేదు. సభ జరిపిస్తున్న రిటైర్డ్ లెక్చరర్ నన్ను చూసి చెయ్యి ఊపాడు.

"నువ్వు గూడ రెండు ముక్కలు మాట్లాడు తమ్మీ. దగ్గరకెల్లి సూసినోనివి."

లేచి వెళ్లి, పదకొండు నెలల్లో సార్ ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదని చెప్పి కూర్చున్నాను. అది నిజం. సభలో చెప్పదగిన నిజం నా దగ్గర అదొక్కటే ఉంది. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. జీవిత విశేషాలు కావలసినవాళ్లకు కరపత్రం ఉంది.

మొదట చేతి తొడుగులు. తెల్లటి నూలు తొడుగులు, ఒకటే జత. కెమెరా బయటికి రాగానే వేసుకునేవాడు. ఫొటో అయిపోగానే ఊడదీసి చొక్కా జేబులో కుక్కేవాడు. వేళ్లు జేబులోంచి కిందికి వేలాడి మేక పొదుగులా కనిపించేవి. ఆ తర్వాత అసలు పని అంతా ఉత్త చేతులతోనే. పల్లీలు నములుతూ ఉండే అలవాటు కాబట్టి ఆ చేతులకు ఎప్పుడూ ఉప్పూ నూనే ఉండేవి. తాళపత్రాలను, రాగి రేకులను, బొమ్మల కొయ్య ముఖాలను ఆ చేతులే పట్టుకున్నాయి. రిపోర్టుల్లో మాత్రం ప్రతి ఫొటోలోనూ తెల్ల తొడుగులే.

తర్వాత 'శాస్త్రీయంగా' అనే మాట. అది లేకుండా ఆయన వాక్యం మొదలయ్యేది కాదు. శాస్త్రీయంగా ఈ గోడ పాతది. శాస్త్రీయంగా ఇప్పుడు చాయ్ తాగాలి. శాస్త్రీయంగా ఎల్లారెడ్డి బస్సు ఇక్కడ ఆగదు. ఒకరోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోట్‌బుక్కులో గీతలు పెట్టాను. అరవై మూడు వచ్చాయి.

ఆయనకు దశాంశాల మీద మోజు. బీబీపేట దగ్గర ఒక ఊళ్లో రైతు ఇంటి వెనక పాత రాతి రోలు ఉందంటే పోయాం. మెడలో తాడుకు వేలాడే భూతద్దం తీసి, రోలు చుట్టూ మూడుసార్లు తిరిగి, తేల్చేశాడు.

"శాస్త్రీయంగా దీని వయసు మూడు వందల పన్నెండు పాయింట్ నాలుగు సంవత్సరాలు."

రైతు తల గోక్కున్నాడు. "ఆ పాయింటు నాలుగు ఎట్ల దెల్సింది సారు?"

"కొలత. చూపు కాదు, కొలత ముఖ్యం."

రోలు పక్కన చింతపండు పిసుకుతున్న రైతు తల్లి తల ఎత్తకుండానే అన్నది: "నా పెండ్లప్పుడు మా మామ ఒడ్డెరోల్లతోని కొట్టిచ్చిండు గది. నాకే మూడు నూర్లేండ్లొచ్చినయేమో ఎవలకెర్క."

ఆయన నవ్వలేదు, వినలేదు. పుస్తకంలో 312.4 అని రాసుకున్నాడు. అవ్వ మాట పుస్తకంలోకి ఎక్కలేదు. ఆయన పుస్తకంలోకి మనుషుల మాట ఎక్కడం నేను చూడలేదు.

ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర సైకిల్ షాపు నడిపే ఒక చాచా, తన తాత చేత్తో రాసుకున్న యునానీ మందుల పుస్తకాన్ని బాగుచేయమని నమ్మి ఇచ్చాడు. ఉర్దూలో రాసింది, నూట నలభై పేజీలు, కాగితం పెళుసు. ఈయన దాన్ని విడదీసి, కామారెడ్డిలో జిరాక్సు షాపుకు పంపి, పేజీ పేజీకీ ప్లాస్టిక్ పూత వేయించాడు. వేడికి సిరా గోధుమరంగుకు తిరిగింది. ఇక ఆ కాగితాన్ని ఏ పద్ధతితోనూ ఆ ప్లాస్టిక్కు నుంచి విడదీయలేరు. తిరిగి ఇచ్చినప్పుడు చాచా ఆ దిమ్మను రెండు చేతులతో ఎత్తి చూశాడు.

"నేను కితాబు ఇచ్చిన సాబ్. మీరు హోటల్ మెనూ కార్డు ఇచ్చిండ్రు."

"ఇక వందేళ్లు చెక్కుచెదరదు," అన్నాడు ఈయన సంతోషంగా.

ఇక నల్ల పెట్టె. వస్తువు మీద ఆనించి మీట నొక్కితే అందులో ఏ లోహాలున్నాయో చెప్పే చేతి యంత్రం ఒకటుంది. గోడకు బెజ్జాలు వేసే డ్రిల్లింగ్ మిషనులా ఉంటుంది. లోపల ఎక్స్‌రే. ఎర్ర రంగులో పాదరసం ఉందా, సీసం ఉందా అన్నది రంగును గీకకుండానే తెలుస్తుంది. మంచి యంత్రం. దాని కోసమే నేను ఆయన దగ్గర చేరాను. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసి, అలాంటి పరికరాల మీద ఆరు నెలల కోర్సు చేసి, మా ఊళ్లోనే పని దొరికిందని సంబరపడ్డాను. చేరిన వారానికి తెలిసింది, యంత్రం ఆయనది కాదు. హైదరాబాదులో ఒక కాలేజీ నెలకు రెండు రోజులు ఎరువిచ్చేది. దాని పెట్టె మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయేది. మిగతా ఇరవై ఎనిమిది రోజులూ ఆ పెట్టెను నేను మోసేవాణ్ని. అందులో ఒక టవలు, నీళ్ల సీసా, పల్లీల సంచి. బీర్కూర్‌లో ఒకసారి పెద్దమనుషులు ఆ పెట్టెకు కుర్చీ వేశారు.

యంత్రం వచ్చిన రోజుల్లో ఇంకా బాధగా ఉండేది. మీట నొక్కి అరవై సెకండ్లు కదలకుండా పట్టుకోవాలి. ఆయన ఐదుకు వదిలేసేవాడు.

"అరవై పట్టాలె సార్."

"అనుభవం ఉన్నవాడికి ఐదు చాలోయ్."

అనుభవం ఎవరికుందో యంత్రానికి తెలియదు. ఐదు సెకండ్లకు వచ్చే అంకెలు ప్రతిసారీ మారేవి. ఆయన వాటిలో నచ్చినదాన్ని ఉంచుకునేవాడు.

ఆయన మోసగాడైతే నాకు ఇంత ఏవగింపు ఉండేది కాదు. మోసగాడికి తను చేస్తున్నదేమిటో తెలిసి ఉంటుంది. ఈయన నమ్మాడు. మే నెల ఎండలో బాన్సువాడ బస్సు మెట్ల మీద నిలబడి, ఖాళీ పెట్టె కోసం సీటు అడుగుతూ, తను ఒక నాగరికతను కాపాడుతున్నానని పూర్తిగా నమ్మాడు. అంత నమ్మకం ఉన్నవాణ్ని ఎవరూ ఏమీ అడగరు. నేనూ అడగలేదు.

ఎల్లారెడ్డికి దగ్గర్లో ఒక చిన్న గూడెం. అక్కడ పటం కథ చెప్పే ఇల్లు ఒకటి మిగిలింది. ఎల్లయ్య అనే ముసలాయన, కోడలు లస్మవ్వ. ఎల్లయ్య కొడుకు చనిపోయి ఐదేళ్లయింది. వాళ్ల పటం మూడడుగుల వెడల్పు, ముప్పై ఆరడుగుల పొడవు. రెండు కర్రలకు చుట్టి ఉంటుంది. పై కర్రకు చుట్టుకుంటూ, కింది నుంచి విప్పుకుంటూ ఒక్కో బొమ్మ చూపిస్తూ కథ పాడతారు. నేత పనివాళ్ల పుట్టుక కథ అది. పోచారం ప్రాజెక్టు కింద ఒక ఊళ్లోనూ దాని చుట్టుపక్కలా ఉన్న నేత కుటుంబాలకు మూడేళ్లకోసారి, మూడు రోజులపాటు చెప్పాలి. దాన్ని వరుస అంటారు. వరుస తప్పితే ఆ ఊరు ఇంకొక మేళానికి పోతుంది. వీళ్లకు ఒకప్పుడు తొమ్మిది ఊళ్లు ఉండేవి. మిగిలింది ఆ ఒక్కటే.

మేం పోయింది యంత్రం ఉన్న రోజు. ఎల్లయ్య పటాన్ని రెండు బొమ్మల మేర విప్పాడు. ఈయన ఎరుపు మీద పెట్టి పాదరసం అన్నాడు. పసుపు మీద పెట్టి ఆర్సెనిక్, అంటే పాషాణం అన్నాడు. నీలం మీద పెట్టాడు, ఏమీ రాలేదు. నీలిమందు చెట్టు నుంచి వచ్చేది. దానిలో ఈ యంత్రం పట్టే లోహం ఉండదు. అది పుస్తకం తెరిస్తే మొదటి పాఠం.

"ఇందులో నీలం లేదు," అన్నాడు ఈయన.

ఎల్లయ్య పటం వైపు చూశాడు. ఆకాశం, ఏరు, దేవుడి ఒళ్లు, అన్నీ నీలమే. "కండ్ల ముంగట్నే ఉన్నది గద సారు."

"కంటికి కనిపిస్తుంది. శాస్త్రీయంగా లేదు."

"మామా, నీ కండ్లు సర్కారు దవఖాన్ల సూపియ్యాలె," అన్నది లస్మవ్వ. ముసలాయన పకపకా నవ్వాడు. ఈయన, ఆమె తన పక్షాన మాట్లాడిందనుకొని తల ఊపాడు.

నేను బస్సులో నీలిమందు సంగతి చెప్పాను. "అయితే రిపోర్టులో ఆ రంగు గురించి రాయవద్దు," అన్నాడు.

ఆ రోజే పటాన్ని పదిహేను రోజులు కేంద్రానికి ఇమ్మని అడిగాడు. కామారెడ్డిలో ఒక విత్తనాల దుకాణం పైన రెండు గదులు, దానికి కేంద్రమని పేరు. ఎలుకలు కొరికిన చోట్ల అతుకు వేసి, శుభ్రం చేసి ఇస్తానన్నాడు. వారసత్వ కళాకారులని సర్టిఫికెట్ ఇప్పిస్తానన్నాడు, పింఛనుకు పనికొస్తుందని. లస్మవ్వ వెంటనే ఒప్పుకోలేదు.

"వరుసకు నెల్దినాలే ఉన్నది సారు. ఈపాలి ముంగట నిలబడి చెప్పుడు నేనే. మామకు రెండేండ్ల కింద పచ్చవాతమొచ్చిందాయె. గీ వరుస పాడైతే మాకిగ ఊరే లేదు."

"మీరు సంస్కృతి వాహకులమ్మా. మీకు నేను అన్యాయం చేస్తానా?"

ఎల్లయ్య నా వైపు వంగాడు. "ఏమంటుండు బిడ్డా?"

"మీరు మోసేటోల్లంటుండు బాపూ."

"నిజమే గదా," అని పటాన్ని పాత చీరలో చుట్టి నా భుజం మీద పెట్టాడు.

శుభ్రం చేయడానికి ముందు లోపాల జాబితా రాయమన్నాడు. ఎన్ని లోపాలు తొలగించామో రిపోర్టులో చూపించాలి గదా. రాశాను. నేను రాసిన జాబితాల్లో అంత చక్కటిది ఇంకొకటి లేదు. వరుస సంఖ్య, పై నుంచి దూరం, ఎడమ అంచు నుంచి దూరం, అడ్డం కొలత, రంగు, రకం. మొత్తం నూట ముప్పై ఒక్క మచ్చలు. రకం అనే గడిలో అన్నింటికీ మురికి అనే రాశాను.

రాస్తూండగానే తేడా కనిపించింది. వాటిలో పంతొమ్మిది ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. మిగతా నూట పన్నెండూ ఎడమ అంచు నుంచి రెండంగుళాల లోపే ఉన్నాయి. అన్నీ బొటనవేలంత. వేలితో తడిమితే కొంచెం ఎత్తుగా, మైనంలా తగులుతున్నాయి. కొన్ని పలుచన, కొన్ని దళసరి, కొన్నింటికి మధ్యలో నొక్కు.

"సార్, ఇవన్నీ ఒక్క సైజుల ఉన్నయి. అంచుకే ఉన్నయి. మురికైతే గిట్ల పడదు గద?"

ఆయన భూతద్దం ఎత్తి మచ్చను కాదు, నన్ను చూశాడు. అద్దంలో ఒకే కన్ను, పెద్దగా.

"మురికికి కూడా అలవాట్లుంటాయోయ్."

ఏమిటో తెలియని పొరను తీయకూడదన్నది ఈ పనిలో మొదటి నియమం. ఆయన గదిలో అదే నియమం అచ్చువేసి గోడకు అంటించి ఉంది. దాని కిందే కూర్చొని, పెట్రోలు వాసన వచ్చే ఒక ద్రావణంలో దూది ముంచి, తొమ్మిది రోజులు తుడిచాం. ఆయన మొదటి మచ్చ తుడిచాడు, తొడుగులతో, ఫొటో కోసం. మిగతా నూట ముప్పై నేనే తుడిచాను. లస్మవ్వ నంబరు నా ఫోనులో ఉంది. ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. చేయలేదు. అది నా తప్పు. అది ఆయన లెక్కలో వేయను.

రంగులకు ఏమీ కాలేదు. అతుకులు కూడా బాగా వచ్చాయి. ఆ మాట కూడా రాయాలి.

పదహారో రోజు పొద్దున వాళ్లిద్దరూ ఎల్లారెడ్డి బస్సు దిగి వచ్చారు. ఈయన పటాన్ని నేల మీద విప్పించాడు. తెల్లగా, కొత్తగా మెరుస్తోంది. తొడుగులు వేసుకొని పక్కన నిలబడ్డాడు. ఎల్లయ్య మెల్లగా కూర్చొని, కుడిచేతి చూపుడువేలు ఎడమ అంచు మీద పెట్టి కిందికి జరిపాడు. ఆగాడు. మళ్లీ పైకి పోయి మొదటి నుంచి జరిపాడు. మూడోసారి లస్మవ్వ కూడా కూర్చొని తన వేలు పెట్టింది.

"యాడవోయినయి సారు?" అన్నది.

"ఏవి?"

"పేర్లు."

ఆమె చెప్పింది, అరవకుండా, కూర్చున్న చోటి నుంచే. ఆ ఊళ్లలో నేత ఇండ్లు నూట పన్నెండు. ఒక్కో ఇంటి పెద్దల పేర్లు ఒక్కో బొమ్మ దగ్గర పిలవాలి. పిలవగానే ఆ ఇంటివాళ్లు లేచి వచ్చి పటం కర్ర మీద కొత్త బట్ట కప్పుతారు. ఒక ఇల్లు రెండుగా చీలితే, ఆ కాలంలో కథ చెప్పేవాడు మైనంలో ఆముదం, దీపం మసి కలిపి బొటనవేలితో అంచున కొత్త గుర్తు వేస్తాడు. దళసరిగా ఉన్నది పెద్దింటిది, పలుచనిది చీలిన ఇల్లు, నొక్కు ఉన్నది మగపిల్లలు లేక అల్లుణ్ని తెచ్చుకున్నది. పాడేటప్పుడు కళ్లు జనం మీద ఉంటాయి, వేలు అంచు మీద ఉంటుంది.

"ఏలుకు తగిల్తేనే నోటికొస్తది బిడ్డా," అన్నాడు ఎల్లయ్య నాతో. "పచ్చవాతమొచ్చినంక గూడ గట్లనే వచ్చేది."

పటం మీద బొమ్మలు ఏ చిత్రకారుడైనా మళ్లీ వేయగలడు. ఆ అంచు మాత్రం నాలుగైదు తరాల ఇండ్ల లెక్క. మేం రంగు కొలిచి, ఆ లెక్కను తుడిచేశాం.

ఈయన ముఖంలో ఏదైనా వస్తుందేమోనని చూశాను. రాలేదు. లోపలి గదిలోకి పోయి, కేంద్రం ముద్ర ఉన్న నోట్‌బుక్కు ఒకటి, పెన్ను ఒకటి తెచ్చాడు.

"ఇకనుంచి పేర్లు ఇందులో రాసుకోండి. శాస్త్రీయంగా అదే సరైన పద్ధతి. మైనం పూయటం వల్ల బట్ట పాడవుతుంది."

లస్మవ్వ పెన్ను ముట్టుకోలేదు. "సదువుకుంట పిలిస్తే పటమెందుకు సారు? రేషన్ దుకాణపోడు గూడ పిలుస్తడు పేర్లు."

నా దగ్గర జాబితా ఉందని, ఏ మచ్చ ఎక్కడుందో అంగుళంలో పదో వంతు దాకా రాసి ఉందని, మళ్లీ వేయవచ్చని నేను అన్నాను. అప్పుడు ఆయనకు కోపం వచ్చింది. ఆ పదకొండు నెలల్లో ఆయన మా భాష మాట్లాడింది అప్పుడే.

"అది కేంద్రం డేటారా. పేపర్ల అచ్చయ్యేది. సాఫ్ జేసిన దానికి మళ్ల మురికి పూస్తవా? తెలివుండే మాట్లాడుతున్నవా?"

వాళ్లు పటం తీసుకొని పోయాక, ఆ సాయంత్రమే జాబితాను జిరాక్సు తీశాను. మర్నాడు ఎల్లారెడ్డి బస్సెక్కాను. వరుసకు పన్నెండు రోజులు ఉంది.

వాళ్ల ఇంటి ముందు రేకుల పందిరి కింద నాలుగు రోజులు కూర్చున్నాం. నేను టేపు పట్టి చోటు చూపిస్తే ఎల్లయ్య బొటనవేలితో మైనం ఒత్తేవాడు. నూట పన్నెండూ ఉన్న చోటనే వేశాం. చోట్లు సరిపోయాయి. కానీ నా జాబితాలో మందం అనే గడి లేదు. కొత్త గుర్తులన్నీ ఒకే దళసరి. ముసలాయన వేలు పెట్టేవాడు, పెదవులు కదిలేవి, కొన్నిసార్లు పేరు వచ్చేది, కొన్నిసార్లు వచ్చేది కాదు. లస్మవ్వ పక్కన కూర్చొని ఆ బొమ్మ దగ్గరి పాట ఎత్తుకునేది, పాట తాడుకు తగులుకొని పేరు వస్తుందేమోనని. వచ్చినప్పుడు పేరును మూడుసార్లు అనుకొని, ఆ గుర్తును ఒత్తి, నొక్కి, పాత తీరుకు దిద్దేది.

"అన్నీ రాసినవు తమ్మీ," అన్నది రెండోరోజు, నా కాగితాల వైపు చూసి. "గజం పెట్టి మరీ రాసినవు. గవేందని ఒక్క మాట అడగకపోతివి."

ఆ ఊరికే పోయి ఇండ్లవాళ్లను అడిగి రాసుకొస్తానన్నాను. ఎల్లయ్య చెయ్యి అడ్డంగా ఊపాడు.

"వాళ్ల తాత పేరు వాళ్లనే అడిగి వాళ్లకే చెప్పుడు కథ గాదు బిడ్డా, కరెంటు బిల్లు. మర్సిపోయిండ్రని తెలిస్తే ఆడికే ఐపోతది."

మూడోరోజు మధ్యాహ్నం ఈయన వచ్చాడు. ఎట్లా తెలిసిందో తెలియదు. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది. గడప దగ్గరే ఆగి తొడుగులు తీసి వేసుకున్నాడు. కెమెరా తీసి, మైనం అంటిన ఎల్లయ్య బొటనవేలిని దగ్గర నుంచి ఫొటో తీశాడు.

"సంరక్షించిన వస్తువుకు నష్టం కలిగిస్తున్నారు. ఆధారం కోసం తీసుకుంటున్నా," అన్నాడు.

లస్మవ్వ చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. "కూసోండ్రి సారు. ఎండలవడి వచ్చిండ్రు."

తాగాడు. చెంబు తిరిగి ఇస్తూ, మైనం అంచు దాటి ఇంకా ఎక్కడా కారలేదు గదా అని నన్ను అడిగాడు. ఆ తర్వాత రిపోర్టులో నా పేరు తీసేశాడు. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

వరుస మొదలైన రోజు, పోచారం కింద ఆ ఊళ్లో, పొద్దున తొమ్మిదికే షామియానా నిండింది. భివండి నుంచి, సూరత్ నుంచి, దుబాయి నుంచి సెలవు పెట్టుకొని వచ్చినవాళ్లున్నారు. ఇంటికొక్కరు కొత్త బట్ట మడతపెట్టి ఒళ్లో పెట్టుకున్నారు. ఈయన ముందు వరసలో, ఎవరూ వేయకుండానే కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. లస్మవ్వ నిలబడింది. ఎల్లయ్య పటం పక్కన పీట మీద కూర్చున్నాడు. ఆమె గొంతు బాగుంది. కళ్లు జనం మీద, వేలు అంచు మీద. మొదటి రోజు దాదాపు అన్ని పేర్లూ వచ్చాయి. లేచి వచ్చి బట్ట కప్పినవాళ్లు ఆమె తల మీద చెయ్యి పెట్టి పోయారు.

రెండోరోజు నుంచి ఆమె వేలు చాలాచోట్ల ఆగేది. మామ వైపు చూసేది. ముసలాయన కళ్లు మూసుకునేవాడు. ఆమె పాటను ఒక చరణం పొడిగించేది, ఇంకొకటి పొడిగించేది, తర్వాత వేలు కిందికి జరిపేది. తమ పెద్దల బొమ్మ ఏదో ఇంటివాళ్లకు తెలుసు. ఆ బొమ్మ విప్పగానే సర్దుకొని కూర్చునేవాళ్లు. దుబాయి నుంచి వచ్చిన ఒకతను బొమ్మ రాగానే సగం లేచాడు. అతని ఒళ్లో జరీ అంచు పంచె ఉంది. పేరు రాలేదు. బొమ్మ కర్రకు చుట్టుకుపోయింది. కాసేపు అట్లాగే వంగి ఉండి, కూర్చొని, పంచెను ఇంకా చిన్నగా మడిచి సంచిలో పెట్టుకున్నాడు. మూడోరోజు అతను రాలేదు.

చివరిరోజు సాయంత్రం కాకముందే కథ ముగిసింది. ఈయన మైకు అడిగి తీసుకున్నాడు.

"ఈ పటం ఎంత శుభ్రంగా ఉందో చూడండి. శాస్త్రీయంగా దీని ఆయుష్షు నలభై రెండు పాయింట్ ఐదు శాతం పెరిగింది."

చప్పట్లు కొట్టింది ఆయన తెచ్చుకున్న ఫొటోగ్రాఫరు ఒక్కడే. కులపెద్ద పటం దగ్గరికి వచ్చి, కర్రకు దండం పెట్టి, లస్మవ్వతో మెల్లగా అన్నాడు.

"మంచిగ పాడినవు బిడ్డా. మళ్ల వరుస సంగతి మూడేండ్లకు సూద్దాం."

లస్మవ్వ తల ఊపింది. పటాన్ని పాత చీరలో చుట్టి ఈసారి తనే భుజానికెత్తుకుంది. మామ చెయ్యి పట్టుకొని బస్సు కోసం నడిచింది.

నేను వెనక వరసలో కూర్చొని మూడు రోజులూ జాబితాలో టిక్కులు పెట్టాను. ఇండ్లు నూట పన్నెండు. పిలిచినవి డెబ్బై ఎనిమిది. పిలవనివి ముప్పై నాలుగు.